మూత మీద పొత్రం

కస్తూరమ్మ తన గదిని పోగొట్టుకున్నది ఒక ఆదివారం పొద్దున. గోల్‌మురిలోని వాళ్ల ఇంటి ముందు భాగంలో మొగుడు కూర్మారావు మందు కొట్టు నడిపేవాడు. వెనక రేకుల గదిలో ఆవిడ ఆదివారాలు పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించేది. ‘అ’ అంటే అమ్మ అని ఆవిడ చెబితే, హిందీ బడి అలవాటుతో, కాదు అనార్ అని ఆవిడనే సరిదిద్దే పిల్లలు వాళ్లు. టీచరు ఉద్యోగం అయిపోయాక ఆవిడకు మిగిలిన బడి అదొక్కటే. ఆ రోజు గది ఊడుద్దామని వెళ్లేసరికి, పలకలుండే మూల ఒక పెద్ద నీలం డ్రమ్ము కూర్చుని ఉంది.

"ఏటిది?"

"వైను. నేరేడుపళ్ల గుజ్జు తెప్పించి నానబెట్టాను. కొత్త రూలొచ్చింది కదేటి! మందు కొట్టున్నోడు వైను తనే సేసుకుని తనే అమ్ముకోవచ్చు."

తాగవద్దని ఊళ్లో గోడలన్నిటి మీదా రాయించిన చేత్తోనే ప్రభుత్వం ఈ రూలూ రాసింది. రైతుల దగ్గర పళ్లు కుళ్లిపోకుండా చూడడం దాని ఉద్దేశమట. అందుకని వాటిని కుళ్లబెట్టే బాధ్యత కూర్మారావుకు అప్పగించింది.

"మరి పిల్లలెక్కడ కూకుంటారు?"

"గొడవెందుకే? ఎక్సైజు ఆఫీసరొచ్చి రుచి చూత్తాడు. పాసంటే గది నాది, ఫెయిలంటే నీది."

కస్తూరమ్మ వెంటనే ఒప్పుకుంది. కూర్మారావు కాచిన టీ ఒక్కసారి తాగినవాళ్లెవరైనా ఒప్పుకునేవాళ్లే.

ఆదివారం బడి వీధరుగు మీదకు మారింది. గదిలో డ్రమ్ము మూత నుంచి ఒక గొట్టం నీళ్ల సీసాలోకి దిగి, రేయింబవళ్లు బుడబుడమంటూ ఉండేది. ఇంతలో యంత్రాలను ఆపి వాటికి పూజ చేసే పండగ, విశ్వకర్మ పూజ వచ్చింది.

ఆ ఊళ్లో విశ్వకర్మ పూజ వస్తువులు తయారు చేసేవాళ్లది. అమ్ముకునేవాళ్లకు దీపావళి ఉంది. కస్తూరమ్మ అన్న భుజంగరావు ఉక్కు ప్లాంటులో ఇంజనీరుగా చేసి దిగిపోయాడు. ఏటా ఈ పండక్కి బావను చూసి, "నీ సీసాలకు పూజేటి బావా?" అని నవ్వేవాడు. ఈ ఏడు కూర్మారావు కూడా తయారీదారుడే. విగ్రహం తెచ్చి డ్రమ్ము పక్కనే పెట్టాడు, పంతులుగారిని పిలిచాడు, బిష్టుపూర్ నుంచి ఆఫీసరు సుదీప్ బాబును రమ్మన్నాడు. పూజకు పూజ, పరీక్షకు పరీక్ష.

సంకల్పం మధ్యలో పంతులుగారు ఆగారు. "ఆ చప్పుడేమిటి? ఈ రోజు యంత్రాలు ఆగాలి కదా!"

అది యంత్రం కాదు, డ్రమ్మని చెప్పడం కూర్మారావుకు నామోషీ. "అవునవును, మెషీను ఆపాల," అన్నాడు.

"నువ్వుండు బావా. మా ప్లాంటులో ఈ రోజు వాల్వులన్నీ బంద్. షట్‌డౌనంటే షట్‌డౌనే!" అంటూ భుజంగరావు గొట్టం మడిచి ఇనుపతీగతో బిగించాడు. కూర్మారావు మూత చుట్టూ ఎర్రబట్ట చుట్టి, బంతిపూల దండ కట్టాడు. కాసేపటికి మూత టకటకమని కొట్టుకోసాగింది. కస్తూరమ్మ వంటింట్లోకి వెళ్లి, రుబ్బురోలు పొత్రం మోసుకొచ్చి దాని మీద పెట్టింది. ఎన్నాళ్లకో ఆ గది నిశ్శబ్దంగా ఉంది. ఆవిడకు మొదటిసారి విశ్వకర్మ మీద నిజమైన భక్తి కలిగింది.

ఆఫీసరు రాలేదు. ఆయన రానిదే హారతి వద్దన్నాడు కూర్మారావు. దేవుడు ఆగాడు, పంతులుగారు ఆగారు. డ్రమ్ములో వైను మాత్రం ఆగలేదు.

"డ్రమ్ము లావెక్కినట్టుంది," అంది కస్తూరమ్మ.

"కొత్త బట్ట కట్టాం కదే! అలాగే కనిపిస్తాది."

మధ్యాహ్నానికి సుదీప్ బాబు వచ్చాడు. గ్లాసు పట్టుకుని డ్రమ్ము మీదకు వంగబోయాడు.

"ముందు బొట్టెట్టుకోండి బాబూ," అని కస్తూరమ్మ ఆయన్ను పక్కకు పిలిచింది. ఆయన ఇటు తిరగడమేమిటి, పిడుగు పడ్డట్టు చప్పుడైంది. పొత్రం రేకును చీల్చుకుని ఆకాశంలోకి పోయి, వెనక సందులో పడింది. అక్కడ పడుకున్న ఆవు లేచి వెళ్లిపోయింది. గదిలో విశ్వకర్మ, పంతులు, ఇంజనీరు, తయారీదారుడు, ప్రభుత్వం ఒక్కలాగే ఊదారంగులో నిలబడ్డారు.

"ఇలాగని ఎవరికి తెలుసు? మా ప్లాంటులో..." అని భుజంగరావు మొదలుపెట్టి, నోట్లోకి వైను కారడంతో ఆపేశాడు.

కస్తూరమ్మ ముందుకొచ్చింది. "ఫెయిలే కదా బాబూ?"

సుదీప్ బాబు మీసం నాకాడు. మరోసారి నాకాడు. "అరే, బఢియా చీజ్ హై! పాస్!"

కూర్మారావు ఊదారంగు పంతులుగారిని కావిలించుకున్నాడు. కస్తూరమ్మ గోడవైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది. అందరి ముఖాలూ తడిగానే ఉన్నాయి కనుక, ఆవిడను ఎవరూ ప్రత్యేకంగా చూడలేదు.

అప్పుడు ఆఫీసరు నెత్తిన ఎండ తగిలి పైకి చూశాడు. "లేకిన్ కమరా ఫెయిల్! ఛత్ కహా హై?"

"కప్పేటి బాబూ, రేపే వేయించేత్తాను!"

"నహీ నహీ. పేలిన చోట మళ్లీ డ్రమ్ము పెట్టనివ్వను. వైను చేయాలంటే వేరే షెడ్డు కట్టుకో."

అలా వైను పాసైంది, గది తప్పింది. తప్పిన గది కస్తూరమ్మకు దక్కింది. మరుసటి ఆదివారం పిల్లలు పలకలు పట్టుకుని లోపలే కూర్చున్నారు. చినుకులు పడితే పలకలే నెత్తిన పెట్టుకున్నారు.

"రేకు సంగతేటి?" అని ఆవిడ మొగుణ్ణి అడిగింది.

"గది ఎవరిదైతే రేకూ వాళ్లదే," అన్నాడు కూర్మారావు.

రేకు ఇంకా వేయలేదు.