రెండో విడత బ్యాటరీలు

శంషాబాద్‌లో ఇకపై ఏ మెకానిక్‌కీ భుజం నొప్పి రాదని మా నాయకుడు కుర్మయ్యగారు బస్టాండు దగ్గర ప్రకటించారు. టైర్ల షాపులన్నిటికీ ఉచితంగా కార్డ్‌లెస్ ఇంపాక్ట్ రెంచులు! గాలి గొట్టం, కరెంటు వైరు లేకుండా చక్రాల నట్లు విప్పే మిషన్లు. టూల్స్ అమ్ముకునే నాలాంటివాడు ఇలాంటి ప్రకటన వింటే ఆ రోజు భోజనానికి కూడా షాపు మూయడు.

మర్నాడే ఆయన నా షాపుకు వచ్చారు. వెంట ఫోటోగ్రాఫరు, మొదటి లబ్ధిదారు డోర్కాస్. ఆమె ఎయిర్‌పోర్టు రోడ్డులో క్యాబులకు టైర్లు మారుస్తుంది. పానా పట్టీ పట్టీ కుడి భుజం పోయింది. ఇంకా పానా పట్టుకుంటే షాపు మూసుకోవడమేనని దవాఖానలో చెప్పారు.

"జర బలమున్నది ఇప్పియ్యన్నా. తుప్పు పట్టిన నట్టు గుడ కదలాలె" అంది.

సరిపోయేది చూపించాను. కుర్మయ్యగారు దాన్ని పైకెత్తి అద్దంలో చూసుకున్నారు.

"చిన్నగుంది. సభల ఎనకున్నోళ్లకు కనవడాలె."

పెద్దది ఇచ్చాను. ఎత్తారు. చెయ్యి వణికింది.

"గిట్ల వణికితే ఫోటోల ముసలోని లెక్క పడ్త. పెద్దగుండాలె, తేలికగుండాలె. గట్లాంటిది లేదా?"

"బ్యాటరీ తీస్తే తేలికైతది సార్" అన్నాను నవ్వుతూ.

ఆయన నన్ను కౌగిలించుకున్నారు. ఎంపిక పూర్తయింది. బ్యాటరీలు, ఛార్జర్లు వేరే పెట్టెల్లో కట్టించి తన మనుషులతో పంపించేశారు. ఇంత త్వరగా తేల్చే కస్టమర్‌ని నేను చూడలేదు.

సభలో డోర్కాస్ మిషన్ అందుకుని మీట నొక్కింది.

"చప్పుడు రాలేదన్నా."

"చూసిన్రా!" కుర్మయ్యగారు మైకందుకున్నారు. "ఇమానాల మోతకే పరేషానున్నం. ఈ మిషన్ చప్పుడే చెయ్యది!"

చప్పట్లు మోగాయి.

"నట్టు గుడ తిరగదు కదన్నా?"

"అది రెండో విడత అక్కా. బ్యాటరీలు ఢిల్లీల ఆగినయ్. నేనే వోయి కొట్లాడి తెస్త."

అన్నమాట ప్రకారం ఢిల్లీకి బయల్దేరారు. సాగనంపడానికి దండ పట్టుకుని నేనూ, ఫోటోగ్రాఫరూ ఆయన కారెక్కాం. ఎయిర్‌పోర్టు చేరేలోపే కారు టైరు పంక్చరైంది. కనిపించిన షాపు డోర్కాస్‌దే. పానా పట్టింది కానీ, భుజం లేవలేదు.

ఈలోగా డ్రైవరు స్టెప్నీ కోసం డిక్కీ తెరిచాడు. స్టెప్నీ మీద అట్టపెట్టెలున్నాయి. ఒక్కొక్కటీ రోడ్డు మీద పెట్టాడు. నా షాపులో కట్టిన బ్యాటరీ పెట్టెలే. డోర్కాస్ ఒకటి విప్పింది. మేకుకు వేలాడుతున్న మిషన్ తెచ్చి బ్యాటరీ తగిలించింది. డర్రుమని నట్లన్నీ ఊడొచ్చాయి. ఆమె కుర్మయ్యగారి వైపు తిరిగింది.

"అప్పుడే ఢిల్లీ వోయొచ్చిన్రా అన్నా? మస్తు జల్ది తెచ్చిన్రు."

కుర్మయ్యగారు నా చేతిలో దండ తీసుకుని తానే వేసుకున్నారు.

"ఫోటో తియ్యుర్రి. రెండో విడత షురూ!"

మిషన్ పైకెత్తారు. ఈసారి బ్యాటరీ ఉంది కదా, చెయ్యి వణికింది. డోర్కాస్ ఎడమ చేత్తో ఆయన మోచెయ్యి ఆనించి పట్టుకుంది. ఫోటో బాగా వచ్చింది. తర్వాత ఆయన చేతిలోంచి మిషన్, పెట్టెలోంచి ఛార్జరు తీసుకుని షాపులోకి వెళ్లిపోయింది.