ఇంజన్ దించిన కారే కారు!

ఇంజన్ ఉన్న కారు ఎక్కడ ఆగుతుందో దేవుడికే తెలియదు. ఇంజన్ లేనిది పెట్టిన చోటే ఉంటుంది. ఇంతకన్నా నమ్మకమైన బండి ఉందా?

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఇంజన్‌ని ఇంట్లోనే దించుకోండి! షెడ్డెందుకు? మా ఇందుకూరుపేట దిక్కున బోటు ఇంజన్‌ని ఒడ్డున వదలరు. విప్పి, గెడకు కట్టి, ఇద్దరు భుజాన మోసుకుని ఇంటికి తెచ్చుకుంటారు. బోటుకున్న మర్యాద కారుకు వద్దా?

నా కారు ఆయిల్ కారుతోందని బోటు మెకానిక్ హజరత్తయ్యకు చూపించాను.

"దీనికేముందన్నా! ఇంజన్ దించి చూస్తే సరి. రోజూ దించేదే గదా. నువ్వా పక్క పట్టుకో, నేనీ పక్క."

పట్టుకున్నాం. లేవలేదు. పదిమంది వచ్చారు. గెడ ఫెళ్లుమని విరిగింది. ఆ చప్పుడుకు లేచిన కొంగలు తమిళనాడు సరిహద్దున తడ దాటేదాకా వాలలేదు! ఎలాగైతేనేం, ఇంజన్ వరండా చేరింది.

ఇక లాభాలు చూడండి. కోట ఊరి నుంచి వచ్చే చుట్టాలు కారడగడం మానేశారు. బానెట్ కింద కోడి పొదిగి పదకొండు పిల్లల్ని లేపింది. ఏ షోరూమ్ కారుకుంది ఈ సౌకర్యం?

ఒక్కటే చిక్కు. మా ఆవిడ కెజియాకు రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆరు నెలలు తిరిగితే నెల్లూరులో ఒక కంటికి ఆపరేషన్ తేదీ ఇచ్చారు. అది తప్పితే మళ్లీ ఏడాదికే.

"ఏమయ్యా, బేస్తవారం పోవాల. బండి బాగయిందా?"

"ఓ! ఇప్పుడు చప్పుడే చెయ్యదు!"

అబద్ధమా?

బేస్తవారం పొద్దున్నే కారుకు రెండెద్దుల్ని కట్టాం. వెనక సీట్లో కెజియా, స్టీరింగ్ దగ్గర నేను.

"గంటలు యాడివి?"

"కొత్త హారన్."

"పేడ వాసనేందయ్యా?"

"డీజిల్ కల్తీ."

"ఏమైనా హజరత్తయ్య పనోడే! కుదుపే లేదు" అని మెచ్చుకుంది.

ఆపరేషన్ దివ్యంగా జరిగింది. మర్నాడు కట్టు విప్పారు. కారెక్కి ముందుకు చూసింది.

"ఏమయ్యా, ఇంజనుకు రెండు తోకలేంది?"

ఇంటికొచ్చి వరండాలో చూసింది. "ఇన్నాళ్లూ నేను చేపలెండబెట్టిన అరుగు ఇదా! వచ్చే నెలే రెండో కంటికి రమ్మన్నారు. ఆలోగా ఇది బండిలోకెక్కకుంటే కాడి నీ మెడమీదే!"

పరుగున పోయి పదిమందినీ పిలిచాను. విప్పేనాడు ఊరంతా మెకానిక్కులే! బిగించమంటే తలా ఒక దిక్కు చూశారు. హజరత్తయ్య తల గోక్కున్నాడు.

"మేము బోట్లోళ్లం గదన్నా! కార్ల సంగతి మాకేం తెలుసు?"

ఆ ముక్కేదో విప్పకముందు అనకూడదా, నాయనా!