మంత్రిగారు నాటిన మామిడి మొక్క

చేనుకు పెంట వేయని రైతును ఇకమీదట దేశద్రోహిగా పరిగణిస్తామని వ్యవసాయ మంత్రి ఇసిఫు గారు ప్రకటించారు. చప్పట్లు ఆగకముందే కార్లు వెళ్లి కుక్‌పాలి ఊళ్లో సనాతు వేరుశెనగ చేలో దిగాయి.

చేను సనాతుది కాదు, నపారి పెద్దాయనది. ఏటా తొలకరికి ఆయనకు మర్యాదగా నమిలే కోలా కాయలు సమర్పించి, అడిగి సాగు చేసుకుంటుంది. ఆమె పిల్లలు తినేది ఆ చేలో పండిందే.

"పెంట ఎందుకు వేయలేదమ్మా?" మంత్రిగారు ప్రేమగా కసిరారు.

"ఒకసారి వేశాను బాబూ, ఈ పెద్దాయనదే వేరే చేలో. నేల బాగుపడింది. బాగుపడగానే ఈయన లాగేసుకున్నాడు."

"నా నేల నేను తీసుకోకూడదా?" గట్టు మీదున్న నపారి నొచ్చుకున్నాడు. "ఊరికే ఇస్తే నోరు చూడు!"

మంత్రిగారు చలించిపోయారు. "టెన్యూర్ సెక్యూరిటీ, అంటే దున్నేవాళ్లకు నేల చేతిలో ఉంటుందన్న భరోసా లేదు. అదీ జబ్బు!" అంటూ చారల నేత చొక్కా చేతులు మడిచి, కెమెరాలు చూస్తుండగా చేను నడుమ మామిడి మొక్క నాటారు.

నపారి పరుగెత్తుకొచ్చాడు.

"పీకేయండి బాబూ! అరువు చేలో మేం ఎవర్నీ చెట్టు నాటనివ్వం. మా ఊళ్లో చెట్టు నాటినవాడిదే నేల!"

మంత్రిగారి చేతులు మట్టిలోనే ఆగాయి. "నిజంగానా?"

"తాతల నాటి ఆచారం బాబూ!"

ఆచారాలంటే మంత్రిగారికి ఎంత గౌరవమో అందరికీ తెలిసిందే. "మీ తాతల మాట నేను కాదంటానా పెద్దాయనా?" అని మొక్కకు మరో సొరబుర్రెడు నీళ్లు పోశారు. మర్నాడు లారీ నిండా మొక్కలు దిగాయి. నపారి అరువిచ్చిన ప్రతి చేలోనూ మంత్రిగారి మామిడి లేచింది.

మళ్లీ తొలకరికి మంత్రిగారి గేటు ముందు కోలా కాయలతో ఇద్దరు నిలబడ్డారు.

"నువ్వే ముందు అడుగు" అన్నాడు నపారి, తల దించుకుని.

"అడగడం నాకు అలవాటే. మీరే నేర్చుకోవాలి" అంది సనాతు. అంత భయంలోనూ ఆమెకు నవ్వొచ్చింది.

మంత్రిగారు సనాతు కోలా కాయ కొరికారు. "నీ చేనే అనుకుని దున్నుకో తల్లీ!"

"పెంట వేయమంటారా బాబూ?"

"నిండా వెయ్యి!" మంత్రిగారి గొంతు గద్గదమైంది. "నేల బాగుపడగానే నాకు కబురు చెయ్యి."