జానెడు పైన, సగం వెలుగు

ఆ సోమవారం పొద్దున దర్జీగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్యనూ కూతురినీ కంటి ఆసుపత్రి ఉన్న ఊరికి బస్సెక్కించడం, ఇంటికొచ్చి కాఫీ తాగడం, గురువారం సాయంత్రం వాళ్ళు తిరిగొచ్చేదాకా నడిగదిలో ఉన్న మొక్క జోలికి వెళ్ళకపోవడం. మూడింటిలో మొదటి రెండూ సవ్యంగానే జరిగాయి.

నడిగదికి కిటికీ లేదు. గాలిసందులోకి తెరుచుకునే చిన్న వెంటిలేటరు ఒక్కటే ఉంది. ఒకప్పుడు ఆయన అక్కడే గుడ్డలు కత్తిరించేవారు. దుకాణం మూసేశాక ఆ గదిని ఆవిడ తన మొక్కకు ఇచ్చింది. అది ముళ్ళు లేని ఒక రకం జెముడు. ఆకులు నడుం బెల్టుల్లా కుండీ చుట్టూ వేలాడుతుంటాయి. స్నేహితురాలు ఇచ్చిన ఆకు ముక్కను ఆరేళ్ళు పెంచి ఇంతదాన్ని చేసింది. గదిలో ఎండ పడదు కాబట్టి పైన ఊదా రంగు దీపం వేలాడదీసింది. ఎత్తడానికీ దించడానికీ తాడు, వెలుగు హెచ్చించి తగ్గించడానికి ఫ్యానుకున్నట్టే రెగ్యులేటరు, వేళకు వెలిగించి ఆర్పడానికి టైమరు.

ఆరేళ్ళకు మొదటిసారి, ఒకే ఒక్క మొగ్గ వేసింది. సరిగ్గా ఆ నెలలోనే ఆవిడ రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయని, ఇక ఆగడానికి లేదని డాక్టరు చెప్పాడు. మొగ్గ ఆవిడకు కనబడదు. రోజూ వేలితో తడిమి ఎంత పెరిగిందో తెలుసుకునేది.

"ఏమండీ, ఇది చీకటి పడ్డాక విచ్చుకునే పువ్వుట. కొన్ని గంటలుండి వాలిపోతుందిట. నేనొచ్చాక విచ్చుకుంటే కళ్ళారా చూసుకుంటాను. ఈలోగా మీరు మీ తెలివితేటలు చూపించకండి" అంది బస్సెక్కుతూ.

"నేనేం చేస్తానే? నలభై ఏళ్ళలో ఒకరి కొలతలు ఇంకొకరికి కుట్టానా?"

"అందుకేగా నా భయం. మీరు ముట్టుకోకుండా ఏదీ వదలరు."

కూతురి చేత రాయించిన చీటీ గోడకు అంటించి ఉంది: "దీపం మొక్కకు జానెడు పైన. వెలుగు సగం. ఆరింటికి వెలుగుతుంది, ఆరింటికి ఆరుతుంది. ముట్టుకోవద్దు."

చివరి మాట బయటివాళ్ళ కోసం రాసినట్టు తోచింది దర్జీగారికి. ఊరికే చూద్దామని జేబులోంచి టేపు తీసి కొలిచారు. ఆరున్నర అంగుళాలు! తన చెయ్యి చాపి చూసుకున్నారు. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొసకు తొమ్మిది. జానెడంటే తొమ్మిది కదా, దీపం ఇంత కిందకు జారిపోయిందేమిటి? పాపం ఆవిడకు కళ్ళు కనబడకపోవడం వల్ల జరిగిందని జాలిపడ్డారు. భార్య చేతి కొలత ఆయనకు తెలియనిది కాదు. కానీ జాన అనగానే ఏ మనిషికైనా ముందు తన చెయ్యే గుర్తొస్తుంది.

తాడు రెండున్నర అంగుళాలు లాగి ముడి వేస్తుండగా అల్లుడు వచ్చాడు.

అల్లుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆఫీసులు మూసేశాక గానీ లిఫ్టుల పని మొదలవదు కాబట్టి, పదేళ్ళుగా అతనికి సాయంత్రం ఆరింటికి తెల్లవారుతుంది, పొద్దున్నే పొద్దుగూకుతుంది. డ్యూటీ దిగి ఇంటికెళ్తూ మామగారి బాగోగులు కనుక్కుందామని వచ్చాడు. అతనికి మామగారి చేతిపనంటే గురి. ఆయనకు అల్లుడి కరెంటు విద్యంటే భక్తి. ఈ గౌరవం ఎంత గట్టిదంటే, ఎదుటి మనిషి తెలివిని శంకించినట్టవుతుందని పదేళ్ళలో ఒకరినొకరు ఒక్క ప్రశ్న కూడా సూటిగా అడిగి ఎరగరు.

అల్లుడు చీటీ చదివి చెయ్యి చాపాడు. అది లిఫ్టు తాళ్ళు లాగిన చెయ్యి. "నా జానకి ఇంకా రెండంగుళాలు తక్కువున్నట్టుంది మామయ్యగారూ. మీ ఇష్టం."

"మీరన్నాక ఉండే ఉంటుంది అల్లుడుగారూ."

దీపం పదకొండు అంగుళాలకు ఎక్కింది. దాంతో ఆకుల మీద వెలుగు పలచబడింది. దూరం పెరిగాక వెలుగూ పెరగాలి కదా అని రెగ్యులేటరు సగం నుంచి ముప్పావుకు, ముప్పావు నుంచి మొత్తానికి తిప్పారు. దీపం కోపగించుకున్న కందిరీగలా మోగసాగింది. దర్జీగారు భయపడి కూతురికి ఫోను చేశారు.

"అమ్మా, సగం వెలుగంటే ఏం సగమే?"

"సగం అంటే సగం నాన్నా! ముట్టుకున్నారా?"

"అబ్బే, లేదు. ఊరికే, జ్ఞానం కోసం."

ఫోను పెట్టేసి, దీపం దించేద్దామని ఇద్దరూ ఒక్కసారే తాడు మీద పడ్డారు. తొందరపాటు పని తొందరగానే చెడుతుంది. ముడి ఊడింది. దీపం జర్రున జారింది. దర్జీగారు రెండు చేతులూ దోసిలిగా మొగ్గకు అడ్డం పెట్టేశారు. అల్లుడు వైరు పట్టుకుని లాగాడు. దీపం ఆయన వేళ్ళకు బెత్తెడు దూరంలో ఆగింది గానీ, ఆ లాగుడుకు టైమరు గోడ నుంచి ఊడి గది అవతల పడింది.

దోసిలి విప్పితే మొగ్గ చెక్కుచెదరలేదు.

"ఆవిడ కళ్ళు నా చేతిలో పెట్టి వెళ్ళింది అల్లుడుగారూ" అన్నారు దర్జీగారు.

మీ జానా వద్దు, నా జానా వద్దని మధ్యస్థంగా పదంగుళాలకు కట్టారు. రెగ్యులేటరు సగానికి తెచ్చారు. టైమరు మాత్రం వరసగా సున్నాలు చూపిస్తూ కన్ను కొడుతోంది. అల్లుడు చీటీ మళ్ళీ చదివాడు. ఆరింటికి వెలుగుతుంది, ఆరింటికి ఆరుతుంది. ఇందులో బ్రహ్మవిద్య ఏముంది? అతని జీవితంలో దీపాలు వెలిగేది ఏ ఆరింటికో అతనికి తెలుసు. నాలుగు మీటలు నొక్కి గోడకు తగిలించాడు. దీపం ఒక్కసారి వెలిగి టప్పున ఆరింది.

ఎందుకని అడగబోయి, మర్యాద కాదని ఊరుకున్నారు దర్జీగారు.

"ఇప్పుడు దానికి నిద్ర వేళ మామయ్యగారూ" అని అల్లుడు ఆవులిస్తూ తన నిద్రకు వెళ్ళాడు.

సాయంత్రం ఆరింటికి నడిగది తలుపు కింద ఊదా గీత మెరిసింది. ఎనిమిదయింది, అది ఆరలేదు. దర్జీగారు కుర్చీ లాక్కుని తలుపుకు ఎదురుగా కూర్చుని ఆలోచించారు. చీకటి పడితే విచ్చుకునే పువ్వు. రాత్రంతా దీపముంటే చీకటే పడదు. చీకటి పడకపోతే పువ్వు విచ్చుకోదు. అత్తగారు వచ్చేదాకా పువ్వును ఆపడానికి, నిద్రను పగటికి మార్చేశాడు! ఒక్క మాటైనా చెప్పుకోలేదు మహానుభావుడు. దర్జీగారికి ఒళ్ళు పులకరించింది. అంత బుర్రకు పిల్లనిచ్చినందుకు తన మీద తనకే గౌరవం పెరిగింది.

మంగళవారం సాయంత్రం దీపం వెలగగానే చూస్తే, కిందకు వేలాడుతున్న మొగ్గ తల పైకెత్తింది. రేపో మాపో విచ్చుకునేలా ఉబ్బింది. అల్లుడే గనక లేకపోతే ఈ రాత్రే కొంప మునిగేదనుకున్నారు ఆయన. బుధవారం పొద్దున అతను రాగానే ఇక ఉండబట్టలేకపోయారు.

"మీ ఏర్పాటు చూశాను అల్లుడుగారూ. నోట మాట రాలేదు."

తాడు ముడి గురించి అనుకున్నాడు అల్లుడు. "ఏదో మామయ్యగారూ, అలా కుదిరింది."

"రాత్రిని పగలు చెయ్యడమంటే మాటలా?"

"అలవాటైపోయింది. పదేళ్ళుగా నా పనే అది కదా!"

ఇంత వినయం దర్జీగారు ఎక్కడా చూడలేదు.

ఆ మధ్యాహ్నం, కూతురు మేడమీద పిన్ని అని పిలిచే పొరుగావిడ దిగి వచ్చింది. అందరి యోగక్షేమాలూ అందరికీ చేరవెయ్యడం ఆవిడ వృత్తి కాదు గానీ, వృత్తిగా ఉన్నవాళ్ళు కూడా అంత శ్రద్ధగా చెయ్యరు.

"అన్నయ్యగారూ, రెండు రాత్రుల నుంచి మీ గాలిసందులో ఒకటే ఊదా వెలుగు. మా పడగ్గదంతా ఊదా. నాకు కంటి మీద కునుకు లేదు. వదినగారి మీద బెంగతో మీరు పడుకోవడం లేదా ఏమిటి?"

"అదంతా పెద్ద ఏర్పాటమ్మా. చెప్పినా అర్థం కాదు" అన్నారు దర్జీగారు గర్వంగా.

అర్థం కానిది ఆవిడ ఊరికే ఉంచుకోదు. అరగంటలో కూతురికి ఫోను వెళ్ళింది: నాన్నగారు తిండీ నిద్రా మానేసి రాత్రంతా ఊదా వెలుగులో కూర్చుంటున్నారు, ఏదేదో మాట్లాడుతున్నారు. కూతురు కంగారుపడి తల్లికి చెప్పింది. కళ్ళకు కట్టుతో పడుకున్న ఆవిడ దిగ్గున లేచి కూర్చుంది.

"మీ నాన్న నడివీధిలో పడుకోబెట్టినా నిద్రపోతారు. ఊదా వెలుగంటే అది నా మొక్క దీపం! రాత్రంతా వెలిగితే మొగ్గ రాలిపోదూ? రేపు తెల్లవారుతూనే కట్టు విప్పించుకుని మొదటి బస్సుకు పోదాం."

గురువారం పొద్దున తొమ్మిదింటికి దర్జీగారూ అల్లుడూ కాఫీ తాగుతుండగా ఫోను మోగింది.

"నాన్నా, బస్సు దిగాం. పావుగంటలో ఇంట్లో ఉంటాం. అసలు రాత్రంతా ఆ దీపం ఎందుకు వెలుగుతోంది?"

"అది మీ ఆయన ఏర్పాటే తల్లీ! పువ్వును ఆపడానికి."

అల్లుడి చేతిలో గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. "నేను దేన్నీ ఆపలేదు మామయ్యగారూ. చీటీలో ఆరింటికి వెలిగించమని ఉంది. వెలిగించాను."

పదేళ్ళ మర్యాద అక్కడ తెగింది. "ఏ ఆరింటికయ్యా?" అని దర్జీగారు అడగనే అడిగారు.

ఇద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ నడిగది తలుపు తీశారు. మొక్క నిద్ర చెడుతుందని పగలు ఒక్కసారి కూడా తియ్యని తలుపు అది. లోపలి చీకట్లోంచి ముందు పరిమళం వచ్చింది. అడుగు వెయ్యబోయిన దర్జీగారు గుమ్మంలోనే నిలబడిపోయారు. అల్లుడు ఫోను వెలుగు నేల మీద వేశాడు. ఆ కాస్త వెలుతురులో, గాలి లేని గదిలో, తెల్లటి రేక ఒకటి తనంతట తానే కదిలి పక్కకు ఒరిగింది.

దీపం పొద్దున ఆరింటికి ఆరింది. మూడు రోజులుగా ఆ మొక్కకు పొద్దున్నే రాత్రవుతోంది. ఇప్పుడు దానికి చీకటి పడి మూడు గంటలయింది.

"విచ్చుకుంటోంది! దీపం మొత్తానికి పెట్టి ఆపనా?" అల్లుడు రెగ్యులేటరు మీదకు ఉరికాడు.

"వద్దు. దేవుడి మీద ఒట్టు. ఇక నీ చెయ్యీ వద్దు, నా చెయ్యీ వద్దు."

ఆ పావుగంటా ఇద్దరూ ఊపిరి కూడా పొదుపుగా పీల్చుకున్నారు.

ఆవిడ నల్ల కళ్ళద్దాలతో, కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. గట్టి వెలుతురు చూడొద్దన్నారట డాక్టరు. అద్దాలు తియ్యాలంటే ఇంట్లో తగినంత చీకటి ఉన్న గది ఒక్కటే ఉంది. గుమ్మంలో వాసన తగలగానే ఆవిడ తిట్టబోయిన తిట్లు మరిచిపోయింది. అల్లుడు రెగ్యులేటరు కొసదాకా తగ్గించి దీపం వెలిగించాడు. గోరంత వెలుగు వచ్చింది. ఆవిడ పువ్వు మీద చెయ్యి చాపింది, చిటికెనవేలు కింద, బొటనవేలు పైన.

"దించండి. ఇంకా. ఊఁ, అక్కడ. జానెడంటే ఇదీ."

ఆరున్నర అంగుళాలు. అప్పుడు కళ్ళద్దాలు తీసింది.

పువ్వు ఆవిడ అరచేతికంటే పెద్దది. బయట సన్నటి రేకలు వెనక్కి విరుచుకున్నాయి, లోపలివి దొన్నెలా నిలబడ్డాయి, మధ్యలో దారపు పోగుల్లాంటి కేసరాలు వందకు పైగా ఉన్నాయి. ఆవిడ ఒక్కొక్క పోగునూ చూసింది. ఏడాదిగా లోకమంతా మసక ముద్దగా చూసిన కళ్ళు అవి. "అంచు కూడా కనిపిస్తోందండీ" అంది, ఎవరైనా వింటే పోతుందేమో అన్నంత మెల్లగా. కూతురు ఏడ్చేసింది. ఏ గుడ్డ ముక్క కనబడినా కొలిచే దర్జీగారి టేపు ఆ పూట జేబులోనే ఉండిపోయింది.

చాలాసేపటికి ఆవిడ తలతిప్పి భర్తను చూసింది. "మీ జుట్టు ఊదాగా ఉందేమిటి?"

"దీపం వల్ల."

"తీసేస్తే?"

"తెలుపు."

"అయితే ఉండనివ్వండి" అని, వెంటనే గొంతు మార్చింది. "ఆ టైమరు ముట్టుకున్నదెవరు?"

"అల్లుడుగారే" అన్నారు దర్జీగారు. "మామయ్యగారే" అన్నాడు అల్లుడు.

"నేను అనుకున్నట్టు సాయంత్రం వస్తే ఇది వాలిపోయి ఉండేది. టైమరు సరిగా ఉంటే నిన్న రాత్రే విచ్చుకుని పోయేది. ఎవరు ముట్టుకున్నారో గానీ, వాళ్ళ చెయ్యి చల్లగా ఉండ!"

"నేనే" అన్నారిద్దరూ.

టైమరును తిరిగి మార్చడానికి ఆవిడ ఒప్పుకోలేదు. ఆ మొక్కా, అల్లుడూ, మేడమీద పిన్నీ ఇప్పుడు పగలే నిద్రపోతున్నారు.