నొప్పి లేని జిల్లా

బీదర్ జిల్లాలో ఇకమీదట ఎవరికీ నొప్పి ఉండకూడదని ప్రభుత్వం నిర్ణయించింది. మైసూరు రాష్ట్రానికి కర్ణాటక అని పేరు మార్చి ఏడాది దాటింది. అంత పెద్ద పనే సాఫీగా జరిగిపోయాక ఇదెంత అని అందరూ అనుకున్నారు. ఆస్పత్రిలో నొప్పి నివారణ, ప్రాణరక్షణ విభాగాన్ని మంత్రిగారు స్వహస్తాలతో ప్రారంభిస్తారనీ, ఒంటి మీద కత్తి పెట్టినా నవ్వుతూ మాట్లాడే రోగిని కళ్ళారా చూస్తారనీ పేపర్లో పడింది. విభాగానికి రెండు మంచాలు, ఒక ఆక్సిజన్ సిలిండరు వచ్చాయి. సిలిండరుకు రంగు కూడా వేశారు. లోపలికి ఆక్సిజన్ వచ్చే బడ్జెట్లో వస్తుందట.

మత్తు డాక్టరు జయానందం ఆ వార్తను భార్యకు మళ్ళీ మళ్ళీ చదివి వినిపించాడు. ఆయన బాధ ఆయనది. రోగులు ఆయన మొహం సరిగా చూడకముందే నిద్రలోకి జారుకుంటారు. లేచేసరికి ఎదురుగా సర్జన్ శివప్ప ఉంటాడు. దండాలూ జామపళ్ళ గంపలూ ఆయనకే. ఇన్నేళ్ళుగా ఊరందరి నొప్పీ తీసినవాడిని బజారులో పలకరించే దిక్కు లేదు. అయితే వెన్నులో సూది వేస్తే నడుము కింద మొద్దుబారుతుంది గాని మనిషి మెలకువగానే ఉంటాడు. అలాంటి రోగి మంత్రి ఎదుట "సూది వేసింది జయానందం సారే" అంటే చాలు. ఇంత చిన్న కోరికతో సరిపెట్టుకున్నందుకు తనంత నిరాడంబరుడు లేడనుకున్నాడు జయానందం.

రోగి కూడా దొరికాడు. చిమ్కోడ్ ఊరి సాంబయ్యకు గజ్జలో పేగు జారి ఇరుక్కుంది. ఆ పూట ఆపరేషన్ కాకపోతే పేగు కుళ్ళుతుంది, మనిషి దక్కడు. మంత్రి వచ్చేస్తున్నారని పొద్దున ఫోను రాగానే జయానందం సూది వేసేశాడు. కాని కొత్త విభాగంలోని ఆపరేషన్ థియేటరు తలుపుకు రిబ్బను కట్టి ఉంది. మంత్రి కత్తిరిస్తే గాని ఎవరూ లోపలికి పోకూడదు. శివప్ప పూలదండ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. మంత్రి దారిలో హుమ్నాబాద్‌లో సన్మానానికి ఆగిపోయారు.

ఎండ నడినెత్తికి వచ్చింది.

"సారూ, నా కాళ్ళు మల్ల నాకొచ్చినయ్," అన్నాడు సాంబయ్య వరండాలో స్ట్రెచరు మీద నుంచి. "నొప్పి గూడ ఎంబడే వచ్చింది."

"జర ఓర్చుకో మామా. మినిస్టర్ సాబ్ వస్తుండు."

"ఆయన మందు దెస్తుండా?"

జయానందానికి సిగ్గేసింది. ఇరుక్కున్న పేగు ఎవరి కోసమూ ఆగదని చదువుకున్నవాడే. అయినా రిబ్బను తెంపే ధైర్యం రాలేదు. టై మాత్రం సర్దుకున్నాడు.

అంతలో మంత్రి కారు ఊళ్ళోకి వచ్చిందని కబురు. సూదిమందు ఇంకొక్క బుడ్డే మిగిలిందని నర్సు హేబ్సిబా చెప్పింది. శివప్ప పరుగున వచ్చి సాంబయ్యను నవ్వమన్నాడు.

"నాతోని గాదు. ఆయన రాంగనే నొప్పికి గట్టిగ ఒర్లుత," అన్నాడు సాంబయ్య.

"అయితే వేరే రోగి కావాలె," అన్నాడు శివప్ప, జయానందాన్ని సాంబయ్యకు వినపడనంత దూరం తీసుకుపోయి. "కన్నడ వచ్చినోడు, మర్యాద తెల్సినోడు. నేను కత్తి వెనక పక్కతోని గీస్తా, అంతే." అని ఆయన్నే ఎగాదిగా చూశాడు.

"ఆ మందు సాంబయ్యకే. నాకేసి పాడు చెయ్యొద్దు," అన్నాడు జయానందం. ఆ రోజు ఆయన చేసిన మంచిపని అదొక్కటే.

థియేటరుకు వెనక తలుపు ఉంది. రోగిని తీసుకుపోవడానికి ఎవరికీ గుర్తురాలేదు గాని, డాక్టరును రోగిగా తీసుకుపోవడానికి అందరికీ గుర్తొచ్చింది.

మంత్రి రిబ్బను కత్తిరించి లోపలికి వచ్చారు. దుప్పటి కింద జయానందం నవ్వుతూ పడుకున్నాడు.

"నొప్పి ఉందా?" అని మంత్రి కన్నడంలో అడిగారు.

"లేదు సార్."

"సూది ఎవరు వేశారు?"

"డాక్టర్ జయానందం గారు సార్. అలాంటి డాక్టరు జిల్లాలో లేడు."

"ఆయనేరీ?"

"సెలవులో ఉన్నారు సార్," అన్నాడు శివప్ప.

"ఇలాంటి రోజున సెలవా? సంజాయిషీ అడగండి," అని మంత్రి, రోగి నడుముకు అడ్డంగా కట్టిన తెర దాటి వచ్చి శివప్ప పక్కనే నిలబడ్డారు. "కానివ్వండి. ఆపరేషన్ చూసే పోతాను."

శివప్ప మంత్రి మొహం చూశాడు, జయానందం మొహం చూశాడు, ఉద్యోగం గుర్తుచేసుకున్నాడు. కత్తి తిప్పి పట్టుకుని వేలెడు కోశాడు. చీమ కుట్టినట్టుంటుందని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పిన జయానందానికి ఆ చీమ ఎంతుంటుందో అప్పుడు తెలిసింది.

"ఇప్పుడు నొప్పి ఉందా?"

"లేదు సార్," అన్నాడు. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారాయి.

"ఆనందబాష్పాలు," అన్నారు మంత్రి, ఫొటోలవాళ్ళ వైపు తిరిగి. జిల్లాలో నొప్పి ఇక లేనట్టేనని వరండాలో ప్రకటించి కారెక్కారు.

కారు కదలగానే సాంబయ్యను లోపలికి తెచ్చారు. జయానందం కుట్లు వేయించుకుని, కట్టు కట్టించుకుని, నడుము వంచుకునే వచ్చి మందుబుడ్డి మూతి విరిచాడు. సాంబయ్య ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"అది నాకొద్దు సారూ."

"ఎందుకొద్దు మామా?"

"పొద్దుగాల మీరేసింది ఆగనే లేదు. ఇందాక తలుపు సందులకెల్లి నేను ఇన్న. కోస్తాంటే గూడ నొప్పి లేదన్నడు ఆ మనిషి," అన్నాడు సాంబయ్య పళ్ళు బిగపట్టి. "ఆయనకేసిన మందే నాకెయ్యుండ్రి."