పంటల జాబితాలో లేని కూర

ఏ నేలలో ఏమి పెరగాలో నిర్ణయించే అధికారం నేలకు లేదని ప్రభుత్వం ఏనాడో తేల్చేసింది. శిరివెళ్ల కృపమ్మకు ఆ సంగతి 1957లో తెలిసింది.

ఆమెకు పట్టాగా వచ్చింది అరెకరం చౌడు. ఎండ కాస్తే ఉప్పు తెల్లగా పైకి తేలేది. మూడేళ్లలో పంట చూపకపోతే పట్టా రద్దు. (పండే నేలకు ఈ షరతు లేదు. పండే నేలను పట్టాలుగా పంచరు గనక.)

జొన్న వేస్తే మొలకలోనే మాడింది. గంగపాయల కూర మాత్రం ఉప్పును లెక్కచేయకుండా పాకింది. కాకపోతే ఆకు మరీ చిన్నది. తమ్ముడు ఏసయ్య గోస్పాడులో తాను పనిచేసే రైతునడిగి కొంచెం అమ్మోనియా ఎరువు, కొంచెం పొటాషు తెచ్చిచ్చాడు. కృపమ్మ మూడు మళ్లు కట్టింది. ఒకదానికి ఏమీ వేయలేదు. రెండోదానికి అమ్మోనియా, మూడోదానికి రెండూ వేసింది. నెల తిరిగేసరికి మొదటి మడి అట్లాగే ఉంది, రెండోది ఒత్తుగా అల్లుకుంది. మూడోదాంట్లో ఆకు ఉబ్బి, తుంచితే నీరు కారింది. పట్టా నిలిచినట్టేనని ఆమె గుండె కుదుటపడింది.

నంద్యాల నుంచి చౌడు నిర్ధారణాధికారి సంజీవయ్య జీపులో వచ్చి, మూడో మడి మధ్యన నిలబడ్డాడు.

"పంట ఎక్కడమ్మా?"

"మీ కాళ్ల కిందనే సారూ."

ఆయన పద్నాలుగు పంటల జాబితా రెండుసార్లు చూశాడు. "ఇది ఇందులో లేదు."

"దాంట్లో ఉండేటివి ఈడ రావు సారూ."

"అది నేల తప్పు."

మధ్యాహ్నమైంది. కృపమ్మ సంగటి, గంగపాయల పప్పు పెట్టింది. ఆయన పప్పు మూడుసార్లు అడిగి వేయించుకున్నాడు. ఇంటికని ఒక మోపు కోయించి జీపులో పెట్టించుకున్నాడు.

"ఇప్పుడన్నా పంటని రాయండి సారూ. పట్టా పోతే మేం యాడికి పోవల్ల?"

"తిన్నాను గనక కూర అంటాను. పంట అని అబద్ధం రాయమంటావా?"

నివేదికలో ఆయన నిజమే రాశాడు: 'మూడు మళ్లలోనూ పంట లేదు. మూడో మడిలో పంట లేకపోవడం మరీ ఎక్కువగా ఉంది.'

పట్టా రద్దయింది. రద్దు కాగితం ఏసయ్య చదివి వినిపించిన రోజు కృపమ్మ అన్నం ముట్టలేదు. రెండు నెలలకు ఆ అరెకరం చుట్టూ కంచె, ముందు బోర్డు వెలిశాయి: 'చౌడు నేలలో ఎరువుల ప్రభావ పరిశోధన క్షేత్రం.' లోపల జొన్న విత్తారు.

కలుపు తీయడానికి, ఆ నేల తెలిసిన మనిషని కృపమ్మనే కూలికి పిలిచారు. (అనుభవాన్ని ప్రభుత్వం గౌరవిస్తుంది.) జొన్న ఇంకా మొలవలేదు. అది మొలిచేదాకా గంగపాయల కూరను వేళ్లతో సహా పెరికి పారేయడం ఆమె పని.