పన్నెండు ఫిడేళ్ల పరిరక్షణ

పదకొండేళ్లలో ఒక్క తీగ కూడా తెగని వాద్యబృందం హైదరాబాదు మొత్తంలో ఒక్కటే ఉంది. అది ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలో, చెప్పుల దుకాణానికీ జిరాక్సు సెంటరుకూ మధ్య ఇరుక్కున్న ఒక ప్రైవేటు బడిలో ఉంది. ఈ ఘనత వెనుక పెద్ద రహస్యమేమీ లేదు. ఆ ఫిడేళ్లను ఎవరూ వాయించరు.

కరస్పాండెంట్ విద్యాసాగర్ గారికి బేగం బజార్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణం ఉంది. సీలు తీసిన సరుకు సరుకే కాదన్న జ్ఞానం ఆయనకు తండ్రిగారి నుంచి సంక్రమించింది. అందుకే పన్నెండు ఫిడేళ్లూ వచ్చిననాటి ప్లాస్టిక్ కవర్లతోనే ఆయన గదిలోని అద్దాల బీరువాలో కొలువున్నాయి. వాటి తీగల మీద రుద్ది వాయించే కమాన్లు పక్కనే వరసగా వేలాడుతుంటాయి. దసరానాడు అన్నింటినీ బయటికి తీసి, కుంకుమబొట్టు పెట్టి, పిల్లలకు పులిహోర పంచి, మళ్లీ లోపల పెట్టి తాళం వేస్తారు. మిగతా రోజుల్లో పిల్లలు ఒక చెక్క స్కేలును భుజానికి ఆనించుకుని, ఇంకో స్కేలుతో దాన్ని రుద్దుతూ సంగీత సాధన చేస్తారు.

ఇలాంటి బడికి సంగీతం టీచరుగా వచ్చింది రాణి. కాచిగూడలో లాడ్జి వాచ్‌మన్ దుర్గయ్య బిడ్డ. ఆ ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషి కాబట్టి ఏ కాగితాన్నయినా రెండుసార్లు చదివి, నమ్మి, సంతకం పెట్టే రకం. ఆమె నియామక పత్రంలో రెండు షరతులున్నాయి. వార్షికోత్సవం నాడు పిల్లలు ఒక పాట వాయించాలి, లేకుంటే నౌకరీ ఆ రోజుతో సరి. వాయిద్యాలకు మాత్రం వాయించిన ఆనవాలు కనబడకూడదు. రాణి రెండింటికీ సంతకం పెట్టింది.

మొదటి క్లాసులోనే ఏడో తరగతి స్నేహ లేచి నిలబడింది. "మేడం, నా ఫిడేలు మీద పదిహేను సెంటీమీటర్ల కాడ పెన్ను గీతలు పడ్డయి. ఫైనుంటదా?"

రాణి అర్జీ పెట్టింది. వాయిద్య పరిరక్షణ కమిటీ మూడుసార్లు సమావేశమై, సమోసాలు తిని, వార్షికోత్సవానికి సరిగ్గా వారం ముందు బీరువా తెరవడానికి సమ్మతించింది. పిల్లలు చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చారు. రాణి తీగలు బిగించి శ్రుతి చేసింది. పన్నెండు కమాన్లు పన్నెండు ఫిడేళ్ల మీద ఒక్కసారిగా కదిలాయి. వెన్న మీద కత్తిలా జారాయి. చప్పుడన్నది లేదు.

"మేడం, మా స్కేళ్లే నయం. గవి జర కిర్రుమనేటియి," అంది స్నేహ.

రాణి కమాను వెంట్రుకలను ముట్టుకుంది. వేళ్లు జిడ్డయ్యాయి. ఆమె అటెండర్ బాలమల్లు వైపు చూసింది.

"పదకొండేండ్ల సంది ప్రతి శుక్రవారం కొబ్బరినూనె పెడ్తున్న మేడం," అన్నాడు బాలమల్లు గర్వంగా. "గుర్రం తోక ఎంట్రుకలంట గదా. నూనె లేకుంటే ఎండిపోవా? నా బిడ్డ జడ గూడ గింత నిగనిగ లేదు."

"మంచిగనే చూసుకున్నవు బాలమల్లన్నా," అంది రాణి. వేళ్ల జిడ్డును కొంగుకు తుడుచుకుంది.

కొత్త వెంట్రుకలు వేయించి, పట్టు కోసం గుగ్గిలం బిళ్ల రుద్దాలని ఆమె మరో అర్జీ పెట్టింది. ఇంత మెరిసే వెంట్రుకలను మార్చడం దుబారా అనీ, గుగ్గిలం పొడి రాలితే బీరువా మురికవుతుందనీ కమిటీ ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. ఇక మిగిలినవి వేళ్లు. తీగలను మీటకూడదని షరతుల్లో ఎక్కడా లేదు. రాణి రెండుసార్లు చదివి చూసుకుంది. ఉన్న కొద్ది రోజులూ పిల్లలు మీటుతూ నేర్చుకున్నారు. స్నేహ వేళ్లు బొబ్బలెక్కాయి, అయినా సాయంత్రం ఇంటికి పొమ్మంటే పోయేది కాదు.

వార్షికోత్సవం నాడు కమాన్లను వేదిక మీద ఒక బల్లపై అలంకరించి, పన్నెండు మందీ పాట మొత్తం వేళ్లతోనే మీటారు. చెప్పుల దుకాణం వాళ్లు బేరం ఆపి గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. చివరి చరణంలో స్నేహ ఫిడేలు తీగ ఒకటి ఫట్టున తెగింది. పిల్ల బెదరలేదు. మిగిలిన మూడు తీగలతో పాట ముగించింది.

విద్యాసాగర్ గారు మైకు అందుకున్నారు. "సోదర సోదరీమణులారా! వాయించడం ఎవరైనా చేస్తరు. పెండ్లి బ్యాండు వాళ్లు రోజూ చేస్తరు. కాపాడుకునుడు, అదీ సంస్కృతి!" బల్ల మీది కమాన్లకు దండం పెట్టి కూర్చున్నారు.

మర్నాడు, తీగ తన పర్యవేక్షణలోనే తెగిందని రాణి స్వయంగా రాసిచ్చింది. కమిటీ ఆ నిజాయితీకి చలించిపోయింది. ప్రమాదానికి మూలకారణం బోధనే అని తేల్చి, సంగీతం టీచరు పోస్టును రద్దు చేసింది. రాణిని వాయిద్య పరిరక్షణాధికారిగా, పెంచిన జీతంతో పర్మినెంటు చేసింది. విధులు: బీరువా తాళంచెవి దగ్గర పెట్టుకొనుట, ఎవరికీ ఇవ్వకుండుట. పిల్లలకు కొత్త స్కేళ్లు మంజూరయ్యాయి, ఈసారి స్టీలువి.

"పని చేయకున్నా జీతమా బిడ్డా!" దుర్గయ్య కళ్లు తుడుచుకున్నాడు. "గిందుకే గదా నిన్ను సదివిచ్చింది." ఆ పర్మినెంటు కాగితానికి ఆ సాయంత్రమే లామినేషన్ చేయించి గోడకు తగిలించాడు. చుట్టాలందరూ వచ్చి చూసిపోయారు. జీతమెంత అని అడిగారు, సెలవులెన్ని అని అడిగారు, తమ పిల్లలకూ ఇలాంటిది ఇప్పించమని అడిగారు.

వార్షికోత్సవం నాడు పిల్లలు వాయించిన పాట ఏదని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడుగుతారేమోనని రాణి చాలాసేపు చూసింది. ఇంతదాకా చదివిన మీరూ అడగలేదు లెండి.